మొదటి గ్లాసు వెనుక మనసు

కావలి దగ్గర ఒక పెళ్ళిలో, రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చేరిన పెళ్ళికొడుకు స్నేహితుల మధ్య ఒక ఇంజినీరింగు కుర్రవాడు మొదటిసారి బీరు తాగడం చూశాను. ఒక గుక్క మింగి, ముఖం చిట్లించబోయి, పక్కవాళ్ళ చూపు తన మీదే ఉందని గమనించి నవ్వేశాడు. ఆ చేదు అతనికి నచ్చలేదు. నచ్చలేదని చెప్పడం ఆ చేదుకన్నా కష్టమైంది. కింద ముచ్చట్లాడుకుంటున్న అతని ఈడు ఆడపిల్లలకు అలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ళు నిండిన పురుషుల్లో 18.8 శాతం, స్త్రీలలో 1.3 శాతం మద్యం తాగుతున్నారు. స్త్రీల శరీరంలో నీటి పాలు తక్కువ కనుక అదే మోతాదు వారికి ఎక్కువ మత్తెక్కిస్తుంది గాని, ఇంత అంతరానికి అదొక్కటే కారణం కాలేదు.

1993లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ ప్రచురించిన పరిశోధన ఆ మిద్దె మీది నవ్వును అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. తాగుడు విషయంలో తమకు సంకోచం ఉన్నా తోటివాళ్ళకు అంతగా లేదని విద్యార్థులు నమ్మారు. అంటే దాదాపు అందరూ ఒకే పొరపాటులో ఉన్నారు. సెప్టెంబరు నుంచి డిసెంబరుకు వచ్చేసరికి మగపిల్లల అభిప్రాయాలు, తోటివాళ్ళకు ఉందని తాము పొరబడిన ఆ అభిప్రాయం వైపే జరిగాయి, ఆడపిల్లలవి జరగలేదు. తాగగలగడం మగతనానికి కొలతైన చోట, వద్దన్న మాటకు పరువు పోయేది మగపిల్లవాడికే కావడం దీనికి కారణమని నాకు తోస్తుంది.

దుడుకుతనం, కొత్త అనుభూతికై తెగించే స్వభావం కూడా యువకుల్లోనే ఎక్కువ. తాగే యువతుల విషయంలో నన్ను కలవరపెట్టేది వేరు: దిగులు మరచిపోవడానికి తాగడం, తాగింది కొంచెమైనా, సమస్యలకు దారితీస్తుంది. మన ఊళ్ళలో నిందకు భయపడి ఆమె దాన్ని దాస్తుంది. దాచింది డాక్టరు దాకా రాదు.

ఆ ఉమ్మడి పొరపాటును మాట విప్పగలదు. ప్రిన్స్‌టన్‌లోనే కొత్త విద్యార్థులను కూర్చోబెట్టి ఈ సంగతి చర్చించినప్పుడు, నాలుగు నుంచి ఆరు నెలల తరువాత వారు, ఈ సంగతి కాక వేరే రకం చర్చలో కూర్చున్నవారికన్నా తక్కువ తాగుతున్నట్టు చెప్పారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్ళు, సారా తెచ్చిన కష్టం తమ ఒక్క ఇంటిది కాదని మాట్లాడుకున్నాకే 1992లో సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ రాత్రి మిద్దె మీద ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేను కూడా ఎత్తలేదు. కుర్రవాడు రెండో గ్లాసు అందుకున్నాడు.