గడియ మాత్రం ఉక్కుదే
పోలీసు అమరవీరుల సంస్మరణ దినం సందర్భంగా ఒక ఏడాది విజయనగరంలో పెట్టిన ఆయుధాల ప్రదర్శనలో, ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన పాత 9 ఎం.ఎం. పిస్టల్ పక్కనే నల్లటి గ్లాక్ పిస్టల్ కూడా ఉంది. దాన్ని చేత్తో తడిమి చూసిన ఒక బడిపిల్ల "ఇది ప్లాస్టిక్కే కదండీ, పేలిస్తే పగిలిపోదా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు గానీ, అది నవ్వి వదిలేయదగ్గ ప్రశ్న కాదు.

9 ఎం.ఎం. తూటా పేలినప్పుడు లోపలి పీడనం 2,000 బార్లు (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) దాటవచ్చు. తూటా తొడుగు పలుచని ఇత్తడి. చుట్టూ బ్యారెల్ (గుండు పరుగెత్తే గొట్టం) గోడ, వెనక స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) ఆసరా లేకపోతే అది చిరిగిపోతుంది. కాబట్టి గుండు బయటికి పోయి పీడనం దిగేదాకా వెనక తలుపు తెరుచుకోకూడదు. ఆ తలుపు స్లైడ్. బ్యారెల్ వెనక భాగంలో పైకి పొడుచుకు వచ్చిన చదరపు దిమ్మ, ఖాళీ తొడుగు బయటపడేందుకు స్లైడ్‌కు కోసిన కిటికీలో బిగుసుకుని గడియలా పనిచేస్తుంది. రెండూ ఉక్కువే, పేలుడు బలమంతా వాటి మీదే పడుతుంది.

ఆ గడియ ఎంతసేపు ఉండాలన్నది అసలు లెక్క. కళింగపట్నం తీరాన తెప్ప మీంచి ఒడ్డుకు దూకిన మనిషిని తలచుకోండి: మనిషి ముందుకు, తెప్ప వెనక్కి, అయితే తెప్ప ఎంత బరువైతే అంత తక్కువ దూరం. ఇక్కడ గుండు సుమారు 8 గ్రాములు, గడియపడిన స్లైడ్, బ్యారెల్ కలిసి దాదాపు అర కిలో. గుండు పది సెంటీమీటర్లు పరుగెత్తి మూతి దాటేసరికి ఈ జంట వెనక్కి జరిగేది రెండు మిల్లీమీటర్ల లోపే. అవి విడిపోయేది ఇంచుమించు మూడు మిల్లీమీటర్లు జరిగాక.

విడదీసేది బ్యారెల్ అడుగున ఉన్న ఏటవాలు అంచు. పిడి ఉన్న కింది భాగమైన ప్లాస్టిక్ ఫ్రేములో కూర్చిన ఉక్కు దిమ్మకు అది తగలగానే బ్యారెల్ వెనక భాగం కిందికి దిగి కిటికీ నుంచి తప్పుకుంటుంది. స్లైడ్ ఒక్కటే వెనక్కి పోయి ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. ప్లాస్టిక్ ఫ్రేము మీద పడేది ఆగిన బ్యారెల్ తాకిడి, స్లైడ్ ఊపు మాత్రమే. స్లైడ్ జారేది కూడా ఫ్రేములో పొదిగిన నాలుగు లోహపు పట్టాల మీదే.

ఇదేమీ ప్లాస్టిక్‌తో పుట్టిన ఉపాయం కాదు. అమెరికా ఇంజినీరు జాన్ బ్రౌనింగ్ 1911 నాటి తన పిస్టల్లో బ్యారెల్‌ను చిన్న లంకెతో కిందికి దించాడు. 1935 నాటి హైపవర్ అనే పిస్టల్‌లో లంకె స్థానంలో ఏటవాలు అంచు వచ్చింది. ఇషాపూర్ పిస్టల్ ఆ హైపవర్ వంశానిదే. నిజానికి 1970లో వచ్చిన తొలి ప్లాస్టిక్ ఫ్రేము పిస్టల్, జర్మనీ వాళ్ల వీపీ70కి గడియే లేదు. బరువైన స్లైడ్, గట్టి స్ప్రింగు, అంతే. ఆస్ట్రియాలో 1980ల ఆరంభంలో గ్లాక్ సంస్థ పాత గడియను కొత్త ఒంటికి తగిలించింది. ఇటలీ పిస్టల్ బెరెట్టా పీఎక్స్4లోనైతే బ్యారెల్ కిందికి దిగడానికి బదులు తన చుట్టూ తాను తిరుగుతుంది.

ఆ రోజు కానిస్టేబుల్ ఖాళీ పిస్టల్ స్లైడ్‌ను మెల్లగా వెనక్కి లాగాడు. మొదటిసారి ఆ పిల్లకు ఏమీ కనిపించలేదు. రెండోసారి పక్కనుంచి వంగి చూసింది: కాస్త జరగగానే బ్యారెల్ వెనక్కి ఒరిగి, మూతి సన్నగా పైకి లేచింది.