ప్రాజెక్టులు ఎందుకు ఆలస్యమవుతాయి: టీమ్ నిర్వహణలో అపోహలు - వాస్తవాలు

ప్రాజెక్టు గడువు దాటగానే అందరి వేళ్లూ మనుషుల వైపే తిరుగుతాయి. "వాళ్లకి పని మీద శ్రద్ధ లేదు" అనేస్తారు. కానీ ఏదైనా ఒక పనిని తీసుకుని మొదలైన రోజు నుంచి ముగిసిన రోజు దాకా విడదీసి చూడండి. దాని మీద నిజంగా చెయ్యి పడిన గంటలు కొన్నే ఉంటాయి. మిగతా కాలమంతా అది ఎవరి ఆమోదం కోసమో, ఎవరి జవాబు కోసమో పెండింగ్‌లో పడి ఉంటుంది. ఇది గమనించని మేనేజర్ మనుషుల్ని తొందరపెడతారు, పని మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: అందరికీ చేతినిండా పని ఉంటేనే ప్రాజెక్టు వేగంగా నడుస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒక రివ్యూయర్, అంటే ఇతరులు చేసిన పనిని సరిచూసి చెప్పేవారు, ఉన్నారనుకుందాం. ఒక్కో రివ్యూకి సగటున గంట పడుతుంది, పనులేమో వేళాపాళా లేకుండా వస్తుంటాయి. క్యూలను లెక్కగట్టే గణితంలో అన్నిటికన్నా సాదా నమూనా ప్రకారం, ఆయన సమయం 50 శాతం నిండితే కొత్తగా వచ్చిన పని సగటున 1 గంట ఆగుతుంది. 80 శాతం నిండితే 4 గంటలు, 90 శాతానికి 9 గంటలు, 95 శాతానికి 19 గంటలు ఆగుతుంది. అసలు సంఖ్యలు మీ దగ్గర వేరుగా ఉండొచ్చు, పెరిగే తీరు మాత్రం ఇలాగే ఉంటుంది. అందుకే పది మందీ ఆధారపడే రివ్యూయర్ మీదా, అనుమతులిచ్చే అధికారి మీదా 80 శాతానికి మించి పని పెట్టకండి. ఆ 20 శాతం ఖాళీ చూసి "ఊరికే కూర్చున్నారు" అనుకోవద్దు. మిగతా టీమ్ ఆగకుండా కదులుతున్నది ఆ ఖాళీ వల్లే.

ఒకే మనిషికి ఒకేసారి మూడు పనులు ఇవ్వడం కూడా ఈ కోవలోదే. ఒక్కోటి 5 రోజుల పని అనుకోండి. ఒకటి ముగించాకే ఇంకోటి పట్టుకుంటే 5, 10, 15 రోజుల్లో పూర్తవుతాయి. రోజుకొకటి చొప్పున మార్చి మార్చి చేస్తే 13, 14, 15 రోజుల్లో అవుతాయి. అంటే మూడోది ఒక్కరోజు కూడా ముందుకు రాలేదు, మొదటిది 8 రోజులు వెనక్కి పోయింది. పని మారిన ప్రతిసారీ "ఎక్కడ ఆపాను?" అని వెతుక్కునే సమయాన్ని ఇందులో కలపనేలేదు.

టీమ్ మొత్తానికీ ఇదే లెక్క. క్యూల మీద పరిశోధన చేసిన జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, ఒక పనికి పట్టే సగటు కాలం అంటే చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి ముగిసే పనుల సంఖ్యతో భాగించగా వచ్చేదే. చేతిలో 12 పనులుండి వారానికి 3 ముగుస్తుంటే ఒక్కోదానికి 4 వారాలు. ముగిసే వేగం తగ్గకుండా చేతిలోవి 6కి తగ్గిస్తే 2 వారాలు. కొత్త పని మొదలుపెట్టే ముందు పాతది ఒకటి ముగియాలన్న నియమం పెట్టండి. మొదటి రెండు వారాలు అందరూ గొణుగుతారు, సడలించకండి.

అపోహ: గడువు దాటేలా ఉంటే మనుషుల్ని పెంచితే సరి.

వాస్తవం: ఐబీఎంలో భారీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే దీని గురించి హెచ్చరించారు. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లకి పని నేర్పాల్సింది ఇప్పటికే ఊపిరాడకుండా ఉన్న పాతవాళ్లే. పైగా 5 మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాటలు నడిచే దారులు 10, అదే 10 మందైతే 45. చివరి దశలో మనుషుల్ని తీసుకోక తప్పకపోతే టెస్టింగ్, పత్రాల తయారీ లాంటి విడదీయగల పనులే ఇవ్వండి. అంతకన్నా ముందు చేయాల్సింది, ఈసారి ఇచ్చేదాంట్లో లేకపోయినా నడిచే అంశాలు ఏవో క్లయింట్‌తో కూర్చుని తీసేయడం.

అపోహ: "90 శాతం అయిపోయింది" అంటే దాదాపు పూర్తయినట్టే.

వాస్తవం: వారాల తరబడి అదే 90 దగ్గర ఆగిపోయిన పనులు ప్రతి టీమ్‌లోనూ ఉంటాయి. శాతం చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు, తమకు కనిపిస్తున్న పనినే లెక్కవేస్తున్నారు. మిగిలిన పదిలో మిగతా భాగాలతో కలపడం, తప్పులు దిద్దడం, ఆమోదం తీసుకోవడం ఉంటాయి. శాతాలు అడగడం మానేసి పనిని రెండు మూడు రోజుల ముక్కలుగా చేయండి. ప్రతి ముక్కకీ రెండే స్థితులు: అయింది, కాలేదు. "అయింది" అంటే ఏమేం పూర్తవ్వాలో మొదలుపెట్టక ముందే రాసిపెట్టుకోండి.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లు ఒక్క తేదీ గట్టిగా చెప్పగలగాలి.

వాస్తవం: అంతా సవ్యంగా జరుగుతుందనుకుని తేదీ చెప్పడం మనిషి సహజ గుణం. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీన్ని గుర్తించి రాశారు. మూడు అంచనాలు అడగండి: అన్నీ కలిసొస్తే, మామూలుగా అయితే, అన్నీ అడ్డం తిరిగితే. 4, 6, 14 రోజులు అన్నారనుకోండి. మధ్యదాన్ని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 7 రోజులు వస్తుంది. ఆ 7 కన్నా విలువైనది "14 ఎందుకు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు. ప్రాజెక్టులో అసలు ప్రమాదం ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది.

అపోహ: తప్పులన్నీ గుర్తుపెట్టుకుని అప్రైజల్‌లో (పనితీరు సమీక్షలో) చెప్పాలి.

వాస్తవం: ఆరు నెలల కిందటి సంగతి ఇప్పుడు చెబితే అది నిందలాగే వినిపిస్తుంది. రెండు రోజుల్లోపు, విడిగా పిలిచి చెప్పండి. "మీకు బాధ్యత లేదు" అన్నది మనిషి మీద తీర్పు, దానికి ఎవరైనా ఎదురుతిరుగుతారు. "మంగళవారం రావాల్సిన రిపోర్టు గురువారం వచ్చింది. దానివల్ల టెస్టింగ్ వాళ్లు రెండు రోజులు ఆగిపోయారు. ఎక్కడ అడ్డం వచ్చిందండీ?" అంటే మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది. ఆ చివరి ప్రశ్న అడిగాక మీరు మౌనంగా ఉండాలి. చాలామంది మేనేజర్లు జవాబు కూడా తామే చెప్పేస్తారు, అసలు కారణం లోపలే ఉండిపోతుంది.

అపోహ: పని అప్పజెప్పాక మధ్యలో అడిగితే నమ్మకం లేనట్టు.

వాస్తవం: చెప్పాపెట్టకుండా అడిగితేనే అలా అనిపిస్తుంది. అప్పజెప్పే రోజే నాలుగు విషయాలు తేల్చుకోండి: ఏం రావాలి, ఎప్పటికి రావాలి, ఏ నిర్ణయాలు వాళ్లు సొంతంగా తీసుకోవచ్చు, మధ్యలో ఏయే రోజుల్లో కలిసి చూస్తారు. పది రోజుల పనికి మూడో రోజున ఒకసారి, ఏడో రోజున ఒకసారి చాలు. మూడో రోజునే చూడమనడానికి కారణం ఉంది. పనిని తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అప్పటికే తెలిసిపోతుంది, సరిదిద్దుకోవడానికి ఇంకా వారం చేతిలో ఉంటుంది.