తడిసిన మందు చచ్చిన మందేనా? చిటపటల గురించి అపోహలు - వాస్తవాలు

దసరా వెళ్లిందంటే దీపావళి దాకా నా ఫోను మోగుతూనే ఉంటుంది. కొనేవాళ్ల కంటే అడిగేవాళ్లే ఎక్కువ. మొన్న పాలకొల్లు నుంచి ఒక పిన్నిగారు చేశారు. "బాబూ, నిరుటి సామాన్లు అటక మీద దాచానండి. స్లాబు కారి తడిసిపోయాయి. డాబా మీద చేటలో ఆరబోశాను. పిల్లలు కాల్చుకోవచ్చు కదా?"

"ఎండ ఎలా ఉందమ్మా?"

"ఆయ్, మాడిపోతోందండి."

ముందు పిల్లల్ని కిందికి దించమన్నాను. చేటను ముట్టుకోవద్దు, నీడలోకి జరిపే ప్రయత్నం కూడా చేయొద్దు, పైపుతో దూరం నుంచి బాగా నీళ్లు కొట్టమన్నాను. ఆవిడకు నచ్చలేదు. "తడిస్తేనే చచ్చింది కదా బాబూ, మళ్లీ తడపడమేంటి?" అన్నారు.

మేం లైసెన్సు మీద బాణసంచా తయారుచేసేవాళ్లం, తీర్థాల్లో, పెళ్లిళ్లలో కాల్చేవాళ్లం. మా పనిలో నేను వినే అపోహల్లో అన్నిటికన్నా ఎక్కువ వేళ్లనూ కళ్లనూ తినేది ఇదే. గోదావరి లంకల్లో, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అసలు తడవని మందంటూ ఉండదు. పైగా దీపావళి వచ్చేది ఈశాన్య రుతుపవనాల్లో, తుఫాన్ల రోజుల్లో. అందుకే "తడిసింది కదా, ఏం కాదు" అనే మాట ఇక్కడ అందరికీ అలవాటైపోయింది.

సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మామూలు మందు విషయంలో ఇందులో సగం నిజముంది. సురేకారం నీళ్లలో కరుగుతుంది. తడిగా ఉన్నంతసేపూ అంటుకోదు. ఆరితే తెల్లటి ఉప్పులా పైకి తేలుతుంది, మందు గడ్డకడుతుంది. అప్పుడు కాలుతుందో లేదో, కాలితే ఎంత జోరుగా కాలుతుందో చెప్పలేం. అదే ఒక ప్రమాదం.

చిటపటలు, అంటే కాలుతూ చిటపటమని పగిలే మందు, ఇంకో రకం. క్రాక్లింగ్ చిచ్చుబుడ్డిలోగాని, షాట్లలోగాని ఆ శబ్దం చేసేవి విడి గింజలు. అందులో బిస్మత్ ఆక్సైడ్ లాంటి బరువైన లోహపు ఆక్సైడు, రాగి ఆక్సైడు, మెగ్నీషియం-అల్యూమినియం కలిసిన మాగ్నేలియం పొడి ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది నైట్రోసెల్యులోజ్ లక్కర్. వడ్రంగులు చెక్కకు పూసే ఎన్.సి. లక్కర్ జాతిదే. చెక్కలోకి నీరు దిగకుండా ఆపేది గింజలోకి మాత్రం ఎందుకు దిగనిస్తుంది?

పోయినేడు ఒక కొట్టు నుంచి తిరిగొచ్చిన పెట్టె చూశాను. చిచ్చుబుడ్డి అట్ట దానంతటదే ఊడిపోయింది. పై మందు గడ్డకట్టి తెల్లగా ఉప్పుపట్టింది. కింద గింజలు మాత్రం నల్లగా, గట్టిగా, నిగనిగలాడుతున్నాయి. షెడ్డుకు దూరంగా, పనికిరాని సరుకు కాల్చే గుంటలో, పొడుగాటి వెదురు చివర నుంచి ఒక్క గింజకు మంట చూపించాం. కాసేపు ఎర్రగా మగ్గింది. తర్వాత ఠప్‌మంది. కొత్త గింజకూ దానికీ తేడా లేదు. (ఇది ఇళ్ల దగ్గర చేసి చూసే పని కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.)

ఆ మగ్గడంలోనే ఉంది చిటపటల కీలకమంతా. ఈ గింజ రెండు దశల్లో కాలుతుంది. ముందు నెమ్మదిగా, చప్పుడు లేకుండా కాలి లోపల కరిగిన ముద్దగా మారుతుంది. వేడి ఒక హద్దు దాటాక ఆక్సైడుకూ లోహానికీ మధ్య రసాయన చర్య ఒక్కసారిగా ఊపందుకుని గింజ పగులుతుంది. పోపులో ఆవాలు వేయగానే పేలవు కదా, ఈ ఆలస్యమూ అలాంటిదే. కాబట్టి నిశ్శబ్దంగా ఉన్న గింజ చచ్చిందనుకోవడానికి లేదు. తడి మందు తుస్సుమని ఆగిపోగానే "ఏమైందిరా" అని బుడ్డి మీదికి వంగేది సరిగ్గా ఆ క్షణంలోనే. వంగినప్పుడు ముందుండేది కళ్లు.

ఇక పెనం మీద వేడిచేసేవాళ్లు, పొయ్యి పక్కన పెట్టేవాళ్లు, మైక్రోవేవ్‌లో "ఒక్క అర నిమిషం" అనేవాళ్లు కూడా తగిలారు నాకు. వాళ్లకు చెప్పే ఓపిక నాకు లేదు. ఆరబెట్టొద్దు, అంతే.

తడి గురించి రెండో సగం ఇంకా తక్కువమందికి తెలుసు. అల్యూమినియం, మాగ్నేలియం పొడులు తేమతో ఊరికే ఉండవు. మెల్లగా చర్య జరిగి హైడ్రోజన్ వస్తుంది, వేడి పుడుతుంది. పక్కన సురేకారం లాంటి నైట్రేటు కూడా ఉంటే అమ్మోనియా వస్తుంది. అందుకే అల్యూమినియం మందు తయారీలో కాస్త బోరిక్ యాసిడ్ కలుపుతారు, ఆ చర్యను అదుపులో పెట్టడానికి.

1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ఊడ్చేసింది. నాలుగు రోజుల్లో దీపావళి. కొబ్బరి చెట్లే నేలకొరిగితే మందుగుండు సంగతి చెప్పాలా? సరుకంతా నానింది. మా నాన్నగారు గోదాం తలుపు తీయగానే పశువుల పాక వాసన కొట్టింది. ఒక మూట మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేశారు. బయట చలిగాలి కొడుతుంటే మూట లోపల్నుంచి గోరువెచ్చగా ఉంది. మూటల్ని దూరం దూరంగా ఖాళీ చేలో పెట్టించి, మమ్మల్నెవరినీ అటు పోనివ్వలేదు. ఆ ఏడు మాకు దీపావళి లేదు, నష్టం మాత్రం చాలానే. ఆరబెట్టి అమ్ముకోమని సలహా ఇచ్చినవాళ్లకు ఆయన జవాబు కూడా చెప్పలేదు.

"మరి పేలనివాటిని బకెట్ నీళ్లలో వేయమంటారేంటి మీరే?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తేడా నీళ్లు ఎన్ని, గాలి ఎంత అన్నదాంట్లో ఉంది. మూసిన గదిలో, గోనెలో, కాస్త చెమ్మతో ఉన్న పొడిలో పుట్టిన వేడి బయటికి పోదు, పోగవుతుంది. బయట ఆరుబయలు పెట్టిన నిండు బకెట్‌లో పది టపాకాయలు వేస్తే ఆ వేడిని నీళ్లే లాగేస్తాయి, గ్యాసు గాలిలో కలిసిపోతుంది. రాత్రంతా నానబెట్టి, తడితడిగానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి చెత్తవాళ్లకు అదేమిటో చెప్పి ఇవ్వండి. లోపలి గింజలు అప్పటికీ బతికే ఉంటాయి కనుక మళ్లీ ఆరనివ్వకూడదు. విడి పొడి మంట మీద మాత్రం నీళ్లు పోయకండి. మాగ్నేలియం మంటకు నీళ్లు తగిలితే ఎగదన్నుతుంది. దానికి పొడి ఇసుకే.

మిగతావి గబగబా.

చప్పుడు చిన్నది కాబట్టి ప్రమాదమూ చిన్నదేనంటారు. చట్టం టపాకాయ చప్పుడుకు 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ అని హద్దు పెట్టింది. చిటపటలు ఆ గీత లోపలే ఉండొచ్చు. కానీ కన్ను పోవడానికి డెసిబెల్స్ అక్కర్లేదు, ఎగిరొచ్చిన ఒక్క నిప్పు గింజ చాలు.

నిప్పు తగిలితేనే పేలుతుందన్నది కూడా తప్పు. ఈ గింజల మందుకు రాపిడి, దెబ్బ కూడా పడవు. 2024 దీపావళి రోజు ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే బండి గోతిలో పడి పేలాయి, మనిషి పోయాడు. అది వేరే సరుకే, కానీ అక్కడ అగ్గిపుల్ల గీసినవాళ్లెవరూ లేరు. ఏరుకొచ్చిన గింజల్ని డబ్బాలో పోసి ఆడించే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్ వచ్చేది అందుకే.

చిటపటల్లో సీసం ఉంటుందన్న భయంతో కొందరు తల్లులు అడుగుతారు. ఆ భయం వట్టిది కాదు. ఒకప్పుడు ఈ గింజల్ని ఎర్ర సీసం ఆక్సైడుతోనే చేసేవాళ్లు, దాని పొగలో సీసం వచ్చేది. బాణసంచాలో సీసం, పాదరసం, ఆర్సెనిక్, యాంటిమొనీ, లిథియం వాడొద్దని సుప్రీంకోర్టు 2017 జులై 31న ఆదేశించింది. బిస్మత్ వచ్చాక విషం బాగా తగ్గింది, కడుపు మందుల్లో కూడా బిస్మత్ సమ్మేళనాలు వాడతారు. పేలే గుణం మాత్రం అలాగే ఉంది. బిల్లు, తయారీదారు పేరు లేని సరుకు అయితే అందులో ఏముందో నేను కూడా చెప్పలేను, కొనకండి.

గ్రీన్ అని రాసి ఉంటే చేత్తో పట్టుకుని కాల్చుకోవచ్చా? వద్దు. పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఆ పద్ధతి పొగలో ధూళిని సుమారు 30 శాతం తగ్గించడానికి. మీ చేతికి దాంతో సంబంధం లేదు.

వీడియో చూసి కొబ్బరితోటలో బాణసంచా మందు కలుపుకుందాం అనే కుర్రాళ్లకు ఒకటే మాట. 2025 అక్టోబరులో రాయవరం మండలం కొమరిపాలెంలో బాణసంచా తయారీ కేంద్రం పేలుడులో పోయినవాళ్లు ఈ పని రోజూ చేసేవాళ్లు. ఇంట్లో కలపడం ఎలాగూ పేలుడు పదార్థాల చట్టం కింద నేరం.

కాలితే పారే చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, కోడిగుడ్డు సొన ఏదీ రాయొద్దు. కంట్లో పడితే నలపొద్దు, గుచ్చుకున్నది లాగొద్దు, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయొద్దు. కాగితం కప్పు లాంటిదేదైనా కంటికి తగలకుండా అడ్డుపెట్టి, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.