నిమ్మ ఉప్పు నీళ్ళలో బాంబర్ విమానం

ఇంగ్లండ్‌లోని కాస్ఫర్డ్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఉంది. 2013లో దాని ఆవరణలో పాలీహౌస్‌ల లాంటి పొడవాటి ప్లాస్టిక్ గుడారాలు వేశారు. మన దగ్గర క్యాప్సికమ్, జెర్బెరా పెంచుతారే, అచ్చం అలాంటివే. వాటిలో మొక్కలు లేవు. ఒక జర్మన్ బాంబర్ మొండెం, రెక్కలు ఉన్నాయి. వాటి మీద రోజంతా తుంపర్లుగా సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పడుతూ ఉండేవి. మన వంటింట్లో నిమ్మ ఉప్పు అంటామే, అదే.

ఆ విమానం డోర్నియర్ డో-17. 1940 ఆగస్టు 26న బ్రిటన్ మీద దాడికి వచ్చి, దెబ్బతిని, కెంట్ తీరానికి ఎదురుగా ఉన్న గుడ్విన్ శాండ్స్ ఇసుక మేటల దగ్గర సముద్రంలో దిగింది. నలుగురు సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు, ఇద్దరు పట్టుబడ్డారు. ఈ రకం విమానాలు 2 వేలకు పైగా తయారయ్యాయి. ఇవాళ వాటిలో ఒక్కటి కూడా పూర్తి రూపంలో మిగల్లేదు. 2013 జూన్ 10న దీన్ని పైకి లాగేసరికి డెబ్భై ఏళ్ళు దాటాయి. అయినా చక్రాల టైర్లలో గాలి ఇంకా ఉంది. ప్రొపెల్లర్ల మీద ఆ రోజు నీళ్ళను తాకినప్పటి దెబ్బలు అలాగే ఉన్నాయి.

మరి దాన్ని ఏం చేయాలి? సొట్టలు తీసి, కొత్త రేకులు వేసి, రంగు కొట్టి, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టు నిలబెట్టాలా? దొరికిన భాగాలు దాచుకుని మిగతాది తూకానికి వేసేయాలా? ఆ మ్యూజియం రెండూ చేయనంది. ఎలా దొరికిందో అలాగే ఉంచుతాం, కుళ్ళిపోకుండా మాత్రం ఆపుతాం అంది. నాకు సరైనదిగా తోచేది ఈ దారే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రేకు సంగతి తెలియాలి.

అల్యూమినియం తుప్పు పట్టదని మనం అనుకుంటాం. కానీ సత్తు గిన్నెలో ఆవకాయ ఎవరూ పెట్టరు, జాడీలోనే పెడతారు. ఉప్పూ పులుపూ కలిస్తే గిన్నెకు సన్నటి చిల్లులు పడతాయని ఇంట్లో అందరికీ తెలుసు. మామూలుగా అల్యూమినియం పైన కంటికి కనపడనంత పలచటి ఆక్సైడ్ పొర ఉండి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను ఏదో ఒకచోట ఛేదిస్తుంది. అక్కడ చిన్న గుంట పడుతుంది. గుంటలో కరిగిన అల్యూమినియం నీటితో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఇంకాస్త లోహాన్ని తింటుంది, బయటి నుంచి ఇంకాస్త క్లోరైడ్ లోపలికి చేరుతుంది. అలా గుంట తనంతట తానే లోతవుతూ పోతుంది.

విమానం రేకు ఉత్త అల్యూమినియం కూడా కాదు. దాని పేరు డ్యురాలుమిన్. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టాడు. అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, కాస్త మెగ్నీషియం కలిపితే, కొన్నాళ్ళు ఊరికే ఉంచినా గట్టిపడుతుందని ఆయన గమనించాడు. ఆ బలం వల్లే లోహపు విమానాలు సాధ్యమయ్యాయి. ఆ రాగి వల్లే వాటికి చేటు కూడా వచ్చింది. లోహపు రేణువుల అంచుల్లో రాగి ఎక్కువున్న కణాలు పేరుకుంటాయి. తడి తగిలితే వాటికీ పక్కనున్న అల్యూమినియానికీ మధ్య బుల్లి బ్యాటరీ లాంటిది ఏర్పడుతుంది, అల్యూమినియం కరుగుతూ పోతుంది. రేకును రోలర్ల కింద సాగదీస్తారు కాబట్టి ఆ రేణువులు అప్పడాల్లా అణగి ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మధ్యలో తినేసిన చోట పుట్టే తెల్లటి పదార్థం లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాంతో రేకు పొరలు పొరలుగా పైకి లేస్తుంది.

నేను దాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని చూశాను. ఒక పట్టణంలో కూడలి మధ్య దిమ్మె మీద పాత యుద్ధ విమానం ఉంది. దూరం నుంచి నిగనిగలాడుతోంది. దిమ్మె ఎక్కి రెక్క అడుగున చూస్తే రివెట్ల వరస వెంట రేకు తాపేశ్వరం మడత కాజాలా విచ్చుకుని ఉంది. వేలితో నొక్కితే పొర విరిగి, తెల్లటి పొడి వేలికి అంటుకుంది. ఆ పొర పైన వేసిన రంగు మాత్రం కొత్తది.

డోర్నియర్ విషయంలో సముద్రమే కొంత మేలు చేసింది. ఇసుకలో ఆక్సిజన్ తక్కువ. పైగా సున్నపు పెంకు కట్టి లోహాన్ని కప్పింది. బయటికి తీశాకే అసలు గండం. రేకులోకి ఇంకిన ఉప్పు ఆరుతుంది, గాలి తగులుతుంది, డెబ్భై ఏళ్ళు ఆగిన విమానం కొద్ది కాలంలోనే పొడైపోవచ్చు. అందుకే లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞుల సాయంతో ఆ తుంపర్లు. నిమ్మ ఉప్పు సున్నపు పెంకును కరిగిస్తుంది, నీళ్ళు క్లోరైడ్‌ను కడిగేస్తాయి. పులుపు మరీ ఎక్కువైతే అల్యూమినియాన్నే తింటుంది కాబట్టి కాస్టిక్ సోడా కలిపి ఆ ఘాటు తగ్గించేవారు. ఇలా ఒక రోజు కాదు, నెలల తరబడి.

అంత ఓపిక ఎందుకు, కొత్త రేకు వేసేస్తే పోలేదా అని అడగవచ్చు. మన పాత గుళ్ళను గుర్తు చేసుకోండి. జీర్ణోద్ధరణ పేరుతో శాసనం ఉన్న రాతి మీద సున్నం కొట్టిన గుళ్ళు ఎన్నో ఉన్నాయి. గుడి శుభ్రంగా కనిపిస్తుంది. ఎవరు ఏ ఏటిలో ఏ పొలం రాసిచ్చారో చెప్పే అక్షరం మాత్రం కనపడకుండా పోతుంది. దెబ్బతిన్న విమానంలో గుండు రంధ్రం, వంగిన ప్రొపెల్లర్, హడావిడిగా వేసిన అతుకు అలాంటి అక్షరాలే.

అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం దగ్గర ఫ్లాక్-బెయిట్ అనే బి-26 బాంబర్ ఉంది. 200కు పైగా దాడులకు వెళ్ళి తిరిగొచ్చింది. దాని ఒంటి మీద వెయ్యికి పైగా దెబ్బలు, వాటి మీద సిపాయిలు అప్పటికప్పుడు బిగించిన అతుకులు. ఆ అతుకుల్ని, వెలిసిన రంగును అలాగే కాపాడాలని వాళ్ళు నిర్ణయించారు. ఆ రంగు గీకేస్తే, 1944లో ఆ విమానం కింద నిలబడి పనిచేసిన మెకానిక్కుల చేతి పని అంతా పోయినట్టే. లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న హాలిఫాక్స్ అనే బ్రిటిష్ బాంబర్ కూడా అంతే. 1942 ఏప్రిల్‌లో టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక మీద దాడికి వెళ్ళి, నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగి, మంచు కరిగాక మునిగిపోయింది. 1973లో తీశారు. చల్లటి మంచినీళ్ళు కావడంతో బాగానే నిలిచింది. మ్యూజియంలో నలిగిన రేకుల మధ్య అది పడి ఉన్న తీరు, ఏ మెరిసే విమానం కన్నా ఎక్కువ చెబుతుంది.

పునరుద్ధరణ ఎప్పుడూ తప్పేనని నేను అనను. హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని 1953 నుంచి 1960 దాకా ఒక వైమానిక స్థావరంలో ఆరుబయట వదిలేశారు. పిట్టలు గూళ్ళు పెట్టాయి, జనం జ్ఞాపికలుగా ముక్కలు పట్టుకుపోయారు. తర్వాత 1984లో మొదలుపెట్టి, దాదాపు 3 లక్షల పనిగంటలు వెచ్చించి బాగుచేశారు. ఆ పనిలో కొంత, ఏడేళ్ళు నెత్తిన కప్పు లేకపోవడం వల్ల మీద పడిందే.

ఇక తూకానికి వేసేయడం. దీన్ని తలచుకుంటే నాకు కాన్పూర్ గుర్తొస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్ళు అక్కడి చకేరీలో లిబరేటర్ బాంబర్లను మళ్ళీ ఎగరకుండా కావాలనే పాడుచేసి వదిలివెళ్ళారు. వాళ్ళ లెక్కలో అవి తుక్కు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు ఆ తుక్కులోంచి ఒక్కొక్కదాన్నీ ఎగరగలిగేంత వరకు బాగుచేసి, బెంగళూరుకు తెచ్చి పూర్తిగా సరిచేశారు. అలా 40కి పైగా విమానాలు మన వైమానిక దళంలో చేరి 1968 దాకా పనిచేశాయి. ప్రపంచంలో 18 వేలకు పైగా తయారైన ఆ రకంలో నేడు మిగిలినవి కొద్దే. వాటిలో కెనడాలోని ఒట్టావాలో, అమెరికాలోని పీమా మ్యూజియంలో, బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్నవి మన దగ్గర నుంచి వెళ్ళినవే. తామే పారేసిన రకం విమానాన్ని బ్రిటన్ 1974లో మన నుంచి కానుకగా అందుకుంది. తుక్కు అని ముద్ర వేసే ముందు ఈ కథ ఒకసారి తలచుకోవాలి.

అయినా ఒకే రకం విమానాలు పది మ్యూజియాల్లో ఉండి, పదకొండోది వానలో నానుతుంటే, దాన్ని విప్పి పనికొచ్చే భాగాలు మిగతా పదింటికి పంచడమే నిజాయితీ. విప్పే ముందు ప్రతి రివెట్ నంబరూ ఫొటో తీసి రాసిపెట్టాలి, అంతే. కప్పు కింద పెట్టే స్తోమత లేకపోతే ‘భద్రపరిచాం’ అనకూడదు. విశాఖ బీచ్ రోడ్డులో మన నౌకాదళపు టీయూ-142 నిఘా విమానం ఉంది. 29 ఏళ్ళు సేవ చేసి, 2017 నుంచి మ్యూజియంగా నిలబడింది. పిల్లలు లోపలికి ఎక్కి చూసే అవకాశం ఎంతో గొప్పది. కానీ దాని ఎదురుగా ఉన్నది సముద్రం. సముద్రం మీద తిరిగొచ్చిన నౌకాదళ విమానాలను మంచినీళ్ళతో కడగడం ఆనవాయితీ. ఆ కడుగుడు ఎగరడం మానేసిన విమానానికి ఇంకా ఎక్కువ కావాలి.

ఆ కూడలిలో విమానం దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. జనవరి 26కి ముందు మరో కోటు రంగు వేశారు. రెక్కల అడుగున, లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి తయారీలోనే పెట్టిన సన్నటి రంధ్రాలు ఉంటాయి. రంగు వాటిలో గడ్డకట్టి మూసేసింది. ఒక దాంట్లో పుల్లతో పొడిచాను. అరగ్లాసుడు నీళ్ళు కారాయి, సున్నం కలిపినట్టు తెల్లగా.