పద్దులో పోలీసుల పేర్లు: హాంకాంగ్ జూదగృహాల వెనకటి లెక్క

1897లో హాంకాంగ్ పోలీసు అధిపతి ఫ్రాన్సిస్ హెన్రీ మే వా లేన్ అనే సందులోని ఒక జూదగృహం మీద దాడి చేయించాడు. అక్కడ దొరికినవాటిలో అన్నింటికన్నా విలువైనవి కాగితాలు. నెలనెలా ఏ పోలీసుకు ముట్టజెబుతున్నారో వాటిలో పేర్లతో సహా ఉంది. తెల్ల ఇన్‌స్పెక్టర్ల నుంచి బీటు తిరిగే కానిస్టేబుల్ దాకా, యూరోపియన్, భారతీయ, చైనీస్ దళాలు మూడింటిలోనూ కలిపి వంద మందికి పైగా తేలారు. ఒక ఇన్‌స్పెక్టర్‌కు జైలు శిక్ష పడింది. చాలామంది ఉద్యోగాలు ఊడాయి.

లంచాన్ని ఎవరైనా పుస్తకంలో రాసుకుంటారా అని మనకు వింతగా తోస్తుంది. కానీ జూదగృహం నలుగురైదుగురు వాటాదారుల వ్యాపారం. అద్దె, దీపాల నూనె, కాపలావాళ్ల కూలి పోగా మిగిలిందే వాటాలకు వస్తుంది. పోలీసుకిచ్చిన మామూలు పద్దులో లేకపోతే, ఆ డబ్బు నువ్వే తిన్నావని పక్క వాటాదారు గల్లా దగ్గర కూర్చున్నవాణ్ణి పట్టుకుంటాడు. అందుకే రాశారు. అది అద్దె లాంటి ఖర్చే.

ఇక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆట తెలియాలి. హాంకాంగ్ చైనీయుల్లో జూదమంటే ప్రధానంగా ఫాన్-తాన్. బల్ల మీద నలుచదరపు పలక ఒకటి, దాని నాలుగు పక్కలకు 1, 2, 3, 4 అని లెక్క. ఆడించేవాడు మధ్యలో చిల్లు ఉన్న చిన్న నాణేలు గుప్పెడు తీసి బల్ల మీద పోసి, పైన గిన్నె బోర్లిస్తాడు. పందేలు కాయడం పూర్తయ్యాక గిన్నె తీసి, సన్నటి వెదురు పుల్లతో నాణేలను నాలుగేసి చొప్పున పక్కకు లాగుతాడు. చివరికి ఒకటి మిగిలితే 1 గెలిచినట్టు, రెండు మిగిలితే 2, మూడు మిగిలితే 3, సరిగ్గా నాలుగుతో తెగితే 4. చేత్తో ముట్టకుండా పుల్ల వాడేది అనుమానం రాకుండా ఉండటానికే. ఆరితేరిన ఆటగాళ్లు కుప్ప సగం తరగకముందే ఏమి మిగులుతుందో చెప్పేసేవాళ్లు.

ఒకే అంకె మీద కాస్తే డాలరుకు మూడు డాలర్ల లాభం. రెండు అంకెల మీద కలిపి కాస్తే డాలరుకు డాలరు. ఇలా ఇంకా కొన్ని రకాలున్నాయి గానీ అన్నిటి లెక్కా ఒకటే. ఒక్కో డాలరు చొప్పున నాలుగు ఆటలు ఆడితే సగటున మూడు పోతాయి, గెలిచిన ఒక్కదానిలో మూడు వస్తాయి. సరికి సరి. మరి నిర్వాహకుడు బతికేదెలా? గెలిచినవాడి లాభంలోంచి కమీషన్ కోసుకుంటాడు. 5 శాతం అనుకుంటే మూడు డాలర్లకు 15 సెంట్లు. అంటే నాలుగు డాలర్ల పందెం మీద నిర్వాహకుడికి మిగిలేది 15 సెంట్లు, నూటికి మూడు ముప్పావు. కోత 7 శాతం చేస్తే నూటికి అయిదుంబావు.

ఈ సన్నటి లాభంలోనే లంచం అసలు గుట్టంతా ఉంది. నూటికి నాలుగైదు మాత్రమే మిగిలే వ్యాపారం నడవాలంటే జనం కిక్కిరిసి రావాలి, పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా గిన్నె బోర్లిస్తూనే ఉండాలి, పది రోజులకో చోటు మార్చకూడదు. కూలీవాడికి, నావికుడికి, పచారీ కొట్టు గుమస్తాకు తలుపు ఎక్కడుందో తెలియాలి. వాళ్లకు తెలిసిన తలుపు బీటు పోలీసుకు తెలియకుండా ఉండదు. అంటే ఫాన్-తాన్ ఇల్లు దాక్కుని బతకలేదు. కాబట్టి అది పోలీసు దగ్గర కొనుక్కునేది రహస్యం కాదు, అంతరాయం లేని రోజులు. వారం రోజులు మూత పడితే అద్దె నెత్తిన పడుతుంది, వచ్చే గిరాకీ పక్క సందుకు పోతుంది. అందుకే మామూలు పట్టుబడినప్పుడు ఇచ్చేది కాక, నెలకింత అని ముందే కుదిరేది.

దీనికి పక్కనే ‘త్సే-ఫా’ అనే లాటరీ ఉండేది, దాని తీరు వేరు. 36 పేర్లలో ఒకటి నిర్వాహకుడు ముందే ఎంచి పెడతాడు, ఒక పొడుపు లాంటి మాట వదులుతాడు. సరిగ్గా ఊహించినవాడికి సుమారు 30 రెట్లు. 36కు 30 అంటే ఆరో వంతు నిర్వాహకుడిదే. మన మట్కా తెలిసినవారికి వివరించక్కర్లేదు. దీనికి ఇల్లు అక్కర్లేదు, చీటీలు పోగుచేసే మనుషులు చాలు. కాబట్టి ఇక్కడ తినేది బీటు కానిస్టేబుల్, అదీ చిల్లరగా. పెద్ద మొత్తాలు, పై హోదాల వాటాలు ఇళ్ల దగ్గరే.

బ్రిటిష్‌వాళ్లు 1841లో ద్వీపంలో దిగారు. 1844లో పోలీసు దళం ఏర్పడింది, అదే ఏడాది బహిరంగ జూదాన్ని నిషేధించే చట్టమూ వచ్చింది. పోలీసూ నిషేధమూ కవలలన్న మాట. చట్టం రాసినవారి నమూనా ఇంగ్లండుది. అమలు చేయాల్సిన దళమేమో మూడు ముక్కలు. పైన యూరోపియన్లు, వాళ్లలో చాలామందికి కాంటనీస్ రాదు. మధ్యలో భారతీయులు, 1867 నుంచి ముఖ్యంగా సిక్కులు. కింద చైనీయులు, సందుల్లో ఏం జరుగుతుందో తెలిసింది వాళ్లకే, జీతం అందరికన్నా తక్కువ కూడా వాళ్లకే. సమాచారమంతా దుబాసీల మీదుగా పైకి పోవాలి. దుబాసీ మాట మార్చినా పై అధికారి పోల్చుకోలేడు.

ఇక దాడి ఎలా చెడేదో చూడండి. ఇంట్లోకి పోవాలంటే వారంటు కావాలి. ఆ కాగితం ఎన్ని చేతులు మారితే అన్ని చెవులకు సంగతి పోతుంది. ఆట మేడ మీద, ఎక్కేది ఒక మనిషి పట్టే ఇరుకు మెట్ల మీదుగా. సందు మొదట్లో ఒక కాపలావాడు, మెట్ల కింద ఇంకొకడు. గట్టి తలుపు బద్దలు కొట్టేలోగా బల్ల ఖాళీ. దొరికేదేమిటి? గిన్నె, పుల్ల, నాణేలు. గిన్నె తినడానికి, పుల్ల దేనికైనా, నాణేలు బజారులో చెల్లే డబ్బే. పెద్దమనుషులు పక్కింటి కప్పు మీదుగా జారుకుంటే, చిక్కేది బల్ల తుడిచే కుర్రాడు, నిన్న చేరిన వంటవాడు.

ఈ చిక్కు తెలిసే బ్రిటిష్ చట్టాలు ఒక ఊహను చేర్చాయి. వారంటుతో ప్రవేశించినప్పుడు జూద సామగ్రి దొరికితే, అది జూదగృహమేనని, ఉన్నవాళ్లు ఆడుతున్నవాళ్లేనని కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది ముద్దాయి. 1845 నాటి ఇంగ్లండు చట్టంలో ఉన్న ఈ పద్ధతే మన దేశంలో 1867 పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం 6వ సెక్షన్‌లోకి వచ్చింది. వేసిన జరిమానాలో కొంత భాగం ఉప్పందించినవాడికి ఇప్పించే వీలు కూడా అందులోనే ఉంది. నిర్వాహకుడికి గరిష్ఠంగా 200 రూపాయల జరిమానా లేదా మూడు నెలల జైలు, ఆడినవాడికి 100 రూపాయలు లేదా నెల. ఇది పోలీసుకు గొప్ప ఆయుధమే. కానీ అమ్ముకోదగ్గ ఆయుధం కూడా. ఇంట్లో పేకముక్కలు దొరికితే చాలు నేరం ఊహించవచ్చన్న చోట, చూసీ చూడనట్టు పోవడానికి ధర పెరుగుతుంది.

హాంకాంగ్ గవర్నర్ రిచర్డ్ గ్రేవ్స్ మెక్‌డోనెల్‌కు ఈ విషయం అర్థమైంది. 1866లో వచ్చిన ఆయన చూసింది జూదం ఆగకపోవడం ఒక్కటే కాదు, నిషేధం వల్ల దళం కుళ్లిపోవడం కూడా. అరవై కిలోమీటర్ల దూరంలో పోర్చుగీసు మకావులో ఫాన్-తాన్ బాహాటంగా నడుస్తోంది, అక్కడి ఖజానా నిండుతోంది. 1867 సెప్టెంబరు నుంచి హాంకాంగ్‌లోనూ లైసెన్సు ఇళ్లు తెరిచారు. పేరుకు అది జూదాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు. వాస్తవానికి ఆ హక్కును ఎక్కువ పాడినవాడికి అప్పజెప్పడమే. కల్లు పాటలు ఎరిగిన తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

చెడింది రెండు చోట్ల. మొదటిది డబ్బు. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. జూదం సొమ్ము మామూలు ఆదాయంలో కలపకూడదని, విడిగా ఒక నిధిలో పెట్టాలని లండన్ పట్టుబట్టింది. గవర్నరేమో దాన్ని ఇతర ఖర్చులకు మళ్లించి చీవాట్లు తిన్నాడు. చైనీయుల కోసం కట్టిన తుంగ్ వా ఆసుపత్రికి 1,15,000 డాలర్లు ఆ నిధి నుంచే పోయాయి. 1872లో తెరుచుకున్న ఆ సంస్థ నేటికీ ఉంది. జూదగాళ్ల కమీషన్‌తో లేచిన ఆసుపత్రి అనడం కాస్త కటువే గానీ అబద్ధం కాదు.

రెండోది మనుషులు. లైసెన్సు కొన్నవాడు తనకు పోటీగా దొంగచాటు ఇళ్లు నడవకుండా చూసుకోవాలి. అందుకు పోలీసుల్లో తనవాళ్లు కావాలి. ఒకప్పుడు ప్రభుత్వంలో రిజిస్ట్రార్ జనరల్‌గా, చైనీయుల సంరక్షకుడిగా ఉండి, నేరగాళ్లతో సంబంధాల ఆరోపణలతో పదవి పోగొట్టుకున్న డేనియల్ కాల్డ్‌వెల్‌ను లైసెన్సుదారులు జీతమిచ్చి పెట్టుకున్నారు. నిన్నటి అధికారికి ఎవరి ద్వారా ఏ పని జరుగుతుందో తెలుసు కదా. ప్రధాన న్యాయమూర్తి జాన్ స్మేల్ ఈ ఏర్పాటును బాహాటంగానే తప్పుబట్టాడు. నౌకర్లు యజమానుల డబ్బు తెచ్చి ఆడుతున్నారని వర్తకులు గోల చేశారు, ఇంగ్లండులో నైతికవాదులు కదిలారు. 1872 వచ్చేసరికి లైసెన్సులకు తెర పడింది. ఆటగాళ్లు, ఆడించేవాళ్లు, మేడ మెట్లు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పాటగా ఖజానాకు పోయిన డబ్బు మళ్లీ మామూలుగా జేబులకు మళ్లింది. పాతికేళ్లు తిరిగేసరికి వా లేన్ కాగితాలు.

ఆ దెబ్బతో 1898లో హాంకాంగ్‌లో లంచాన్ని నేరంగా పేర్కొంటూ ప్రత్యేకంగా చట్టం చేశారు. అందులోని లోపం లంచం చట్టాలన్నిటికీ ఉన్నదే. ఇచ్చినవాడూ నేరస్థుడే అయినప్పుడు సాక్ష్యం ఎవడు చెబుతాడు? 1897లో పద్దు దొరకబట్టి కథ నడిచింది. నిర్వాహకులు ఆ పాఠం నేర్చుకుని ఉంటారని వేరే చెప్పక్కర్లేదు.

యాదృచ్ఛికంగా అదే 1897లో కలకత్తాలో ప్రభుత్వం వానతో కుస్తీ పడుతోంది. బడాబజారులో ఫలానా గడియలోగా కప్పు మీది గొట్టం నుంచి నీళ్లు కారతాయా లేదా అని వేలల్లో పందేలు. వాన జూద సామగ్రి కాదు, దాన్ని జప్తు చేయడం ఎలా? బొంబాయిలో ఇలాంటి పందెం చట్టం చెప్పే జూదం కిందకు రాదని 1889లో హైకోర్టు తేల్చింది కూడా. దాంతో బెంగాల్‌లో వాన పందేల కోసం ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 1930లో గేమింగ్ చట్టం వచ్చింది. 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంలోనూ, నేడు తెలంగాణలో అమల్లో ఉన్నదానిలోనూ సామగ్రి దొరికితే నేరం ఊహించే పద్ధతి అదే వరస. నైపుణ్యం ఉన్న ఆటలకు మినహాయింపూ పాత చట్టాల్లోదే, తెలంగాణలో 2017లో దాన్ని తీసేశారు. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీని ఒడ్డున పడేసింది ఆ మినహాయింపు మీదే. 

హాంకాంగ్‌కు మళ్లీ వద్దాం. 1960ల నాటికి మామూలు ఒక శాఖలా తయారైంది. వసూళ్లకు పోలీసులు స్వయంగా పోరు, బయటి మనిషి పోతాడు. పైన లెక్క చూసేది చైనీస్ స్టాఫ్ సార్జెంట్లు. దాడులు కూడా మాట్లాడుకునే జరుగుతాయి. ఏ రోజు, ఏ ఇల్లు, ఎందరు అరెస్టు అన్నది ముందే కుదురుతుంది. డబ్బుకు అరెస్టయ్యే మనుషులు ఉండేవాళ్లు, వాళ్ల జరిమానా నిర్వాహకుడే కడతాడు. నెలవారీ కేసుల సంఖ్య నిండుతుంది, బల్ల మాత్రం చెదరదు. కొత్తగా చేరిన అధికారికి చెప్పే మాట 1973 విచారణ నివేదికలోనే ఉంది. బస్సు ఎక్కు, లేదా పక్కన పరిగెత్తు, ఎదురుగా మాత్రం నిలబడకు.

1971లో అమల్లోకి వచ్చిన లంచాల నిరోధక చట్టం 10వ సెక్షన్ పాత లోపానికి పక్కదారి వెతికింది. ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు, జీతానికి మించిన ఆస్తి ఎక్కడిదో ఉద్యోగే చెప్పాలి. జూదగృహంలో ఉన్నవాడి మీద వేసిన ఊహ నూట పాతికేళ్లకు జూదగృహం కాసిన పోలీసు మీదికి వచ్చిందన్న మాట. చీఫ్ సూపరింటెండెంట్ పీటర్ గాడ్‌బర్ దగ్గర 43 లక్షల హాంకాంగ్ డాలర్లకు పైగా ఆస్తి తేలింది. సంజాయిషీకి గడువిస్తే 1973 జూన్‌లో తన పోలీసు పాసు చూపించి విమానమెక్కి ఇంగ్లండు పోయాడు. అక్కడ 10వ సెక్షన్‌కు సాటి నేరం లేదు కాబట్టి దాని మీద అప్పగించమని అడగలేరు. చివరికి పట్టిచ్చింది 25,000 డాలర్ల ముడుపు. వాన్ చాయ్ డివిజన్‌లో పోస్టింగు కోసం ఒక కింది అధికారి ఇచ్చినది. 1975లో నాలుగేళ్ల జైలు పడింది. లక్షలు గుంజే ప్రాంతానికి పోస్టింగే ఒక సరుకు. ఆ కుర్చీకి కట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే బల్లలు నడవాలి.

పోలీసు శాఖతో సంబంధం లేకుండా నేరుగా గవర్నర్ కింద ఉండే అవినీతి నిరోధక కమిషన్ 1974 ఫిబ్రవరి 15న పుట్టింది. గుర్రప్పందేలను మైదానం బయట కాయడాన్ని కూడా ఆ రోజుల్లోనే చట్టబద్ధం చేసి జాకీ క్లబ్బుకు అప్పగించారు. మెక్‌డోనెల్ ఆలోచనే అది, కాకపోతే ఈసారి మిగులు దానధర్మాలకు పోతుందని ముందే రాసిపెట్టుకున్నారు.

కమిషన్ దర్యాప్తులకు నిరసనగా 1977 అక్టోబరు 28న వేల మంది పోలీసులు వీధికెక్కారు, కొందరు కమిషన్ కార్యాలయంలో చొరబడి అక్కడివాళ్లను కొట్టారు. వారం దాటగానే, నవంబరు 5న, గవర్నర్ మెక్‌లెహోస్ తల వంచాడు. 1977 జనవరి 1కి ముందు జరిగిన లంచాల మీద ఇక కేసులు తవ్వబోమన్నాడు. అప్పటికే విచారణలో ఉన్నవాళ్లకు, దేశం దాటి పారిపోయినవాళ్లకు మాత్రం ఆ మాఫీ దక్కలేదు.