వెస్టన్ పాత పిచ్చాసుపత్రి చూడబోతున్నారా? అపోహలు – వాస్తవాలు

అమెరికాలో పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వచ్చినవాళ్లు మర్నాడు ఐ-79 హైవే మీద దక్షిణంగా రెండు గంటలు వస్తే, 99వ ఎగ్జిట్ దగ్గర వెస్ట్ వర్జీనియాలోని వెస్టన్ ఊరు. అక్కడి ట్రాన్స్-అలెగెనీ లునాటిక్ అసైలం 1864 నుంచి 1994 దాకా నడిచింది. చాలామంది నాలుగు యూట్యూబ్ వీడియోలు చూసి వస్తారు. చిక్కంతా అక్కడే.

అపోహ: అదొక దెయ్యాల కొంప.
టికెట్లలో చరిత్ర టూర్లు, దెయ్యాల టూర్లు వేర్వేరు. బుక్ చేసేటప్పుడు 'హెరిటేజ్' అని ఉందో లేదో చూసుకోండి. కింది అంతస్తు వరకైతే ముప్పావు గంట, నాలుగంతస్తులూ తిరిగితే గంటన్నర. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే మొదటిదే నయం, రెండోదంతా మెట్లే. చలికాలంలో మూసేస్తారు, వారపు సెలవు మామూలుగా సోమవారం. బయల్దేరేముందు వెబ్‌సైట్లో వేళలు చూసుకోండి. గోడల పాత రంగు పెచ్చులూడుతూ ఉంటుంది. అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి చిన్నపిల్లల చేతులు గోడకు తగలనివ్వకండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

అపోహ: రోగుల్ని బంధించడానికే కట్టిన జైలు.
అసలు ఉద్దేశం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫిలడెల్ఫియా వైద్యుడు థామస్ కిర్క్‌బ్రైడ్ పద్ధతిలో కట్టారు. గాలి, వెలుతురు కూడా మందే అన్నది ఆయన నమ్మకం. భవనం ఒకే గీత మీద ఉండదు. నడుమ పరిపాలన విభాగం, దానికి రెండు పక్కలా ఒక్కో వార్డు ముందుదాని కంటే కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. అలా జరపడం వల్ల ప్రతి కారిడార్ చివరా ఆకాశం కనిపించే కిటికీ మిగులుతుంది. కారిడార్ కొసన ఒక్క నిమిషం నిలబడితే ఈ లెక్క తెలిసిపోతుంది. నెమ్మదిగా ఉండే రోగులు నడిమి భాగానికి దగ్గర, గొడవచేసేవాళ్లు చిట్టచివరి వార్డుల్లో.

మరి ఎక్కడ చెడింది? 250 మంది కోసం కట్టినదాంట్లో 1950ల నాటికి సుమారు 2,400 మంది చేరారు. ఒక్కరి గదిలో ఎందరో, గాలి ఆడాల్సిన చోట మంచాలు. పారిశుద్ధ్యం లేదని, వెలుతురూ వేడీ చాలడం లేదని 1949లోనే ఛార్ల్‌స్టన్ గజెట్ పత్రిక రాసింది. ఇక్కడ భయపడాల్సింది ఆ 2,400 అంకెను చూసి.

అపోహ: నవలలు చదివినా పట్టుకెళ్లి లోపల వేసేవారు.
1864–1889 మధ్య రిజిస్టర్‌లోని చేరిక కారణాల పట్టిక నెట్‌లో తెగ తిరుగుతుంది. అందులో నవలా పఠనం, బద్ధకం, గుర్రం తలమీద తన్నడం అన్నీ ఉన్న మాట నిజమే. కానీ ఇవి రోగ నిర్ధారణలు కావు. జబ్బు దేనివల్ల వచ్చి ఉంటుందని అనుకున్నారో దాన్నే ఆ పట్టికలో రాశారు. 'ఆయన పోయిన దిగులుతో ఇలా అయిపోయింది' అని మన ఇళ్లల్లో అనుకోమూ? అలాంటిదే. అయితే జబ్బు లేనివాళ్లెవరూ చేరలేదని దీనర్థం కాదు. ఆ పట్టిక ఒక్కటే రుజువు కాదన్నది మాత్రమే.

అపోహ: లోబోటమీ (మెదడు కోత) దొంగచాటుగా జరిగేది.
దాపరికమేమీ లేదు, ప్రభుత్వ పథకమే. 1952లో వాల్టర్ ఫ్రీమన్ అనే వైద్యుడు రెండు వారాల్లో ఈ రాష్ట్రపు ఆసుపత్రుల్లో 228 మందికి చేశాడు. కంటి పైగూడులోంచి సన్నని ఇనుప పరికరం దింపి మెదడు ముందుభాగపు సంబంధాలు తెంపేవాడు. 1954లో మానసిక రోగాలకు వాడే క్లోర్‌ప్రోమజిన్ మందు అమెరికా మార్కెట్లోకి వచ్చాక దీని జోరు తగ్గింది.

అపోహ: చెక్కుడు రాతి కట్టడాల్లో ప్రపంచంలో మాస్కో క్రెమ్లిన్ తర్వాత ఇదే పెద్దది.
క్రెమ్లిన్ ఒక భవనం కాదు, ఇటుక గోడల కోట. పోలికే కుదరదు.

అపోహ: పాడుబడిన భవనమేగా, గోడ దూకి వెళ్లొచ్చు.
2007 వేలంలో 15 లక్షల డాలర్లకు ప్రైవేటు వ్యక్తి కొన్నారు. టికెట్ లేకుండా దూరితే కేసే. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రులకు వెళ్లి ఇలా తిరిగొద్దామనీ అనుకోవద్దు. అక్కడ ఇప్పటికీ రోగులున్నారు.