‘మేళం ఊపు’ అనే మాట ఎక్కడిది?

కిందటేడు మా భరతనాట్యం క్లాసు వార్షికోత్సవం. గ్రీన్‌రూమ్‌లో పదకొండేళ్ల పిల్లకు పాన్‌కేక్ మేకప్ పూస్తున్నాను. ముఖం తెల్లబడింది. గడ్డం కింద గీత గీసినట్టు అసలు రంగు మొదలైంది. ‘టీచర్, చేతులకి కూడా రాస్తారా?’ అనడిగింది. చెన్నై సాలిగ్రామంలోని మా క్లాసులో దానిలా అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ, పట్టేవాళ్లు లేరు. అయినా నేను దాన్ని మూడో వరుసలో నిలబెట్టాను. ముందు వరుసకు ‘లక్షణంగా’ ఉన్న పిల్లల్ని ఏరాను.

నడుము కదిలితే ‘ఏమిటా మేళం ఊపు?’ అని కసురుతూ వచ్చాను కూడా. మా టీచర్ నన్నూ అలాగే కసిరేవారు. ఆ మేళం ఎవరిదో మాకెవరూ చెప్పలేదు.

భోగం మేళం. కళావంతుల ఆడవాళ్ల ఆట. దాన్ని మాన్పించాలని మన కందుకూరి వీరేశలింగమే పోరాడారు. 1890లలో మద్రాసులో ఆ ఉద్యమం ఊపందుకుంది. దేవదాసి తల్లికి పుట్టిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఆడపిల్లల్ని గుడికి అంకితమిచ్చే ఆచారంపై పోరాడారు. 1947లో చట్టం వచ్చింది. ఆచారం పోవాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అదే కాలంలో ఆట మాత్రం చేతులు మారింది. దేవదాసీలు ఆడే సదిర్ పేరు భరతనాట్యమైంది. నాట్య గురువు పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకున్న రుక్మిణీదేవి 1935లో అడయారులో ఆడారు, మరుసటేడు కళాక్షేత్రం అనే నాట్య పాఠశాల పెట్టారు. శృంగారం పాలు తగ్గించి, భక్తిని ముందుకు తెచ్చారు. పెద్ద కులాల ఇళ్ల పిల్లలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. తరతరాలుగా ఆడినవాళ్ల కులం పేరు తిట్టుగా మిగిలింది. ఆ తిట్టే నా నోట్లోకి వచ్చింది. ‘లక్షణం’ అన్నప్పుడు నేను చూసేదీ రంగు, ఇల్లు, కులం కలిసిన ఆ కొలతే.

మనం గర్వంగా చెప్పుకునే క్షేత్రయ్య పదాలు ఇక్కడ నిలిచింది ఆ కుటుంబాల గొంతుల్లోనే. మద్రాసు జార్జ్‌టౌన్‌లో వీణ ధనమ్మాళ్ ఇంట పదం, జావళి అనే శృంగార పాటలు రోజూ వినబడేవి. ఆవిడ మనవరాలు, నర్తకి బాలసరస్వతి 1975లో తమిళ ఇసై సంగం అనే సంగీత సంస్థ సభలో అధ్యక్షురాలిగా మాట్లాడుతూ శృంగారాన్ని కడిగేయాల్సిన పని లేదని గట్టిగా చెప్పారు. నేను బాలసరస్వతి అభినయం గురించి పాఠం చెప్పాను, ఆవిడ కులం ఊసు మాత్రం దాటేశాను.

ఈ జూన్‌లో క్లాసు తెరిచిన రోజే ఇదంతా పిల్లలకూ తల్లులకూ చెప్పి, కసిరిన మాటకు క్షమాపణ అడిగాను. ఇద్దరు తల్లులు ముఖం తిప్పుకున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ముందు వరుసలో, తాళం వేసి ఆట నడిపించే నట్టువాంగానికి ఎదురుగా ఉంది. దాని రంగు పాన్‌కేక్ కోసం టీ నగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను.